ఊళ్ళో 35 అడుగుల పరిమితి ఉంటే హామ్ రేడియో టవర్ వేసుకోవచ్చా?

మీ ప్రశ్న: అమెరికాలో ఇల్లు కొన్నారు, హామ్ రేడియో (సరదాకి సొంత రేడియో సెట్‌తో దూరాలకి మాట్లాడే హాబీ) జనరల్ లైసెన్స్ వచ్చింది, పెరట్లో 65 అడుగుల యాంటెన్నా టవర్ వేద్దామనుకుంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చూసే ఊరి జోనింగ్ ఆఫీసు 35 అడుగులు దాటడానికి వీల్లేదంది. ఎఫ్‌సీసీ (రేడియో, టెలికాం వ్యవహారాలు చూసే అమెరికా కేంద్ర సంస్థ) రూలు మన వైపే ఉంది కాబట్టి పర్మిట్ లేకుండా వేసేయొచ్చా అని అడిగారు.

వేయకండి. రూలు మన వైపు ఉన్న మాట నిజమే. కానీ అది పర్మిట్ అడిగేవాడికి దన్నుగా నిలబడుతుంది, అంతే తప్ప పర్మిట్ అక్కర్లేదని చెప్పదు. నేను వర్జీనియాలో ఈ తతంగమంతా నడిపించి టవర్ వేసుకున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు ఇంటి కాగితాలు తీసి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉందో లేదో చూడండి. ఉండి, బయట యాంటెన్నాలు పెట్టకూడదని మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో ఉంటే ఎఫ్‌సీసీ రక్షణ అక్కడ పనిచేయదు. డిష్‌లకీ టీవీ యాంటెన్నాలకీ హెచ్‌ఓఏల నుంచి మినహాయింపు ఉంది గానీ హామ్ యాంటెన్నాలకి లేదు. దీన్ని మార్చాలని తెచ్చిన బిల్లు 2016లో ప్రతినిధుల సభలో గట్టెక్కినా సెనేట్‌లో ఆగిపోయింది. చాలా అన్యాయంగా అనిపిస్తుంది నాకు. అలాంటి ఇల్లయితే అటక మీద డైపోల్ (రెండు తీగల సాదా యాంటెన్నా) లాంటి దారులు వెతుక్కోవాల్సిందే.

హెచ్‌ఓఏ లేకపోతే మీ ఆయుధం పీఆర్‌బీ-1. ఎఫ్‌సీసీ 1985 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వు ఇది. ఊళ్ళు పెట్టే నిబంధనలు హామ్ కమ్యూనికేషన్‌కి అడ్డుకట్ట వేయకూడదు, దానికి సహేతుకంగా చోటివ్వాలి, ఊరి అవసరానికి ఎంత తక్కువ నియంత్రణ సరిపోతుందో అంతే పెట్టాలి అని దాని సారాంశం. అయితే ఇన్ని అడుగులు ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు. అందుకే మీ రాష్ట్ర చట్టం కూడా చూడాలి. వర్జీనియాలో చదరపు మైలుకి 120 మంది కంటే ఎక్కువ ఉన్న చోట స్థానిక ప్రభుత్వం 75 అడుగుల కంటే తక్కువకి పరిమితి పెట్టకూడదు, అంతకంటే పలచగా ఉన్న చోట 200 అడుగులు. ఆరెగాన్‌లో 70 అడుగులు. మీ రాష్ట్రంలో ఇలాంటిది ఉంటే సగం పని అయిపోయినట్టే.

లేకపోతే ఆ ఎత్తు ఎందుకు కావాలో మీరే చూపించాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. "హాబీ అండీ, దూరం మాట్లాడాలి" అంటే పర్మిట్ సంగతి తేల్చే జోనింగ్ బోర్డు వాళ్ళకి ఏమీ అర్థం కాదు. లెక్క చూపించండి. 20 మీటర్ల బ్యాండ్‌లో (తరంగదైర్ఘ్యం సుమారు 20 మీటర్లుండే సిగ్నళ్ళు) డైపోల్‌ని 33 అడుగుల ఎత్తులో కడితే సిగ్నల్ ప్రధానంగా 30 డిగ్రీల కోణంలో పైకి పోతుంది. దాన్నే 66 అడుగులకి తీసుకెళ్తే 15 డిగ్రీలకి దిగుతుంది. సిగ్నల్ ఆకాశంలో పై పొరకి తగిలి కిందికి తిరిగొస్తుంది, కోణం ఎంత తగ్గితే అలాంటి ఒక్కో గెంతులో అంత దూరం పోతుంది. 40 మీటర్ల బ్యాండ్‌కైతే 33 అడుగులంటే పావు తరంగదైర్ఘ్యమే. సిగ్నల్‌లో ఎక్కువ భాగం నెత్తి మీదకే పోతుంది, చుట్టుపక్కల రాష్ట్రాలకి బాగుంటుంది గానీ సముద్రం దాటడం కష్టం. ఈ రెండు ఎత్తులకీ గ్రాఫులు పక్కపక్కన పెట్టి ఒకే పేజీలో ఇవ్వండి. నా హియరింగ్‌లో బోర్డు సభ్యులు తిరగేసి చూసింది ఆ పేజీనే.

అప్లికేషన్ ఏ కేటగిరీలో తీసుకుంటున్నారో కౌంటర్ దగ్గరే గమనించండి. నా ఫైలుని మొదట సెల్ టవర్ల కింద వేశారు. దానికి ఫీజు వేరు, సరిహద్దు నుంచి వదలాల్సిన దూరం వేరు. ఊరి జోనింగ్ నిబంధనల పుస్తకంలో నిర్వచనాల భాగం తెరిచి అమెచ్యూర్ రేడియోకి (హామ్ రేడియో అసలు పేరు) విడిగా ఉన్న పేరా చూపిస్తే మార్చారు.

ఇరుగుపొరుగు వాళ్ళ దగ్గరికి నోటీసు వెళ్ళేలోపే మీరు వెళ్ళండి. మా వెనకింటి పెద్దావిడకి తన వంటింటి కిటికీలోంచి ఇనప స్తంభం కనిపిస్తుందని బెంగ. గాలి లేని ఒక పొద్దున టవర్ రాబోయే చోట ఎర్ర బెలూన్‌ని 65 అడుగుల దారానికి కట్టి వదిలాను. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఇద్దరం చూస్తే ఓక్ చెట్ల పైన చిన్న చుక్కలా కనిపించింది. ఆ ఫొటోనే ఫైల్లో పెట్టాను, ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. టీవీలో డిస్టర్బెన్స్ వస్తుందేమోనన్న భయం కూడా మామూలే. రేడియో జోక్యం విషయంలో అధికారం ఎఫ్‌సీసీదే, ఊరిది కాదు, కాబట్టి ఆ కారణంతో పర్మిట్ ఆపకూడదు. అయినా పక్కింటివాళ్ళతో చట్టం మాట్లాడకండి. ఏదైనా వస్తే ఫోన్ చేయండి, నేనొచ్చి సరిచేస్తానని చెప్పండి, చెప్పినట్టు చేయండి.

పునాదికీ గాలి ఒత్తిడికీ మీ రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న ఇంజినీర్ ముద్ర వేసిన డ్రాయింగులు అడుగుతారు. దగ్గర్లో ఎయిర్‌పోర్ట్ ఉంటే 200 అడుగుల లోపు టవర్‌కైనా ఎఫ్ఏఏకి (విమానయాన నియంత్రణ సంస్థ) చెప్పాల్సి రావచ్చు, ముందే చూసుకోండి.

కాదంటే కారణాలతో సహా రాతపూర్వకంగా ఇమ్మనండి. అప్పీలు గడువు తక్కువ, వర్జీనియాలో 30 రోజులే. ఏఆర్ఆర్ఎల్‌లో (అమెరికా హామ్‌ల జాతీయ సంఘం) వాలంటీర్ కౌన్సెల్ అని హామ్ లాయర్ల జాబితా ఉంటుంది, ఆ కాగితం చేతికి రాగానే వాళ్ళలో ఒకరితో మాట్లాడండి. మీది ఏ రాష్ట్రమో, స్థలం కొలతలేమిటో ఇక్కడ రాస్తే టవర్ ఎక్కడ పెట్టొచ్చో ఇంకాస్త వివరంగా చెబుతాను.