‘సర్క్యూట్ తెరిచి ఉంది’ అనవచ్చా?

సందేహం: కారు మరమ్మతు నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం తయారు చేస్తున్నాం. ఇంజిన్ కంట్రోల్ సిస్టమ్‌లో ఎలక్ట్రికల్ లోపాలు కనిపెట్టే అధ్యాయం దగ్గర మా ముగ్గురికీ పేచీ వచ్చింది. ‘ఓపెన్ సర్క్యూట్’కు ఒకరు ‘తెరిచిన వలయం’ అని రాశారు. ఇంకొకరు ‘వైరు తెగింది’ అంటే చాలన్నారు. ‘సెన్సర్ పోయింది’, ‘షార్ట్ అయింది’, ‘ఎర్త్ అయింది’ లాంటి మాటలు పుస్తకంలో రాయదగినవేనా? ఒక పేజీ నమూనా పంపుతున్నాం. దయచేసి సరిదిద్దండి.

సమాధానం: మీ పేజీ శ్రద్ధగా చదివాను. పేచీ అంతా నామవాచకాల మీదే నడిచినట్టుంది. చదివేవాణ్ని తప్పుదారి పట్టించేవి మాత్రం మీ క్రియలు. సెన్సర్, రిలే, ఫ్యూజు, కనెక్టరు, మీటరు అందరికీ తెలిసిన మాటలే, వాటిని అలాగే ఉంచండి. పాఠ్యపుస్తకంలో చదువుకున్నవాళ్లకు ‘వలయం’ తెలుసు, పనిచేసే చోట వినిపించేది ‘సర్క్యూట్’. ఏది రాసినా నష్టం లేదు. అయితే ‘తెరిచిన’ అనే విశేషణం దగ్గర నష్టం ఉంది.

తెలుగులో తెరవడం అంటే దారి ఇవ్వడం. కుళాయి తెరిస్తే నీళ్లు వస్తాయి, మూస్తే ఆగుతాయి. ‘సర్క్యూట్ తెరిచి ఉంది’ అని చదివిన కుర్రాడికి కరెంటు ధారాళంగా పోతోందనే తోస్తుంది. అసలు సంగతి దానికి పూర్తిగా విరుద్ధం. దారి తెగింది, కరెంటు పోవడం లేదు. అందుకని ‘తెగింది’ అన్నవారే సరి. వారికీ ఒక చిన్న సవరణ చెప్పాలి. ‘వైరు తెగింది’ అంటే వైరునే వెతుకుతారు. వైరు నిక్షేపంగా ఉండి, కనెక్టరు లోపల పిన్ను వెనక్కి జారి ఉండవచ్చు. కనెక్టరే ఊడి ఉండవచ్చు. సెన్సర్ లోపలి తీగ తెగి ఉండవచ్చు. ఎక్కడో ఇంకా తెలియనప్పుడు ‘సర్క్యూట్ తెగింది’ అనండి. చోటు తెలిశాక తెగింది, ఊడింది, జారింది, విరిగింది అని దేనికి తగిన క్రియ దానికి వాడండి. ఇన్ని క్రియలు మన నోట్లో సిద్ధంగా ఉండగా మీ పేజీలో అన్నిటికీ ‘విచ్ఛేదనం జరిగింది’ అని ఒకే ముద్ర వేయడం నాకు బాధ కలిగించింది.

‘షార్ట్ అయింది’ రాయవచ్చు. కానీ ఆ వాక్యం సగమే. దేనితో షార్ట్ అయిందో చెప్పకపోతే చదివేవాడికి పని జరగదు. సిగ్నల్ వైరు బాడీకి తగిలితే ఓల్టేజి సున్నాకు పడుతుంది. బ్యాటరీ ప్లస్ వైరుకు తగిలితే 12 ఓల్టుల దాకా పోతుంది. పక్క వైరుకు తగిలితే ఒక సెన్సర్ మాట ఇంకో సెన్సర్ మాటలో కలుస్తుంది. ‘బాడీకి తగిలింది’, ‘ప్లస్‌కు తగిలింది’ అనండి. ఆ ‘కు’ ప్రత్యయమే అక్కడ సగం రోగనిర్ణయం.

‘ఎర్త్’ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మీ పేజీలో ఒకచోట ‘భూమికి కలపాలి’ అని ఉంది. రబ్బరు టైర్ల మీద నిలబడిన కారుకు నేలతో పని లేదు. ఎర్త్ అంటే ఇక్కడ బ్యాటరీ మైనస్, దానికి కలిసిన బాడీ, ఇంజిన్ లోహం. ‘ఎర్త్ ఉంది’ అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి బాగుందని. ‘ఎర్త్ అయింది’ అంటే తగలకూడని వైరు బాడీకి తగిలిందని. ‘ఎర్త్ లేదు’ అంటే తిరుగు దారి తెగిందని. ఒక్క క్రియ మారితే మంచి చెడు అయింది, చెడు మంచి అయింది. పనివాళ్లకు ఇది వాడుకలోనే తెలుసు. పుస్తకంలో మాత్రం మొదటిసారి వచ్చినచోట విడమరచి రాయండి.

ఇక మీ పేజీలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం: ‘పి0118: కూలెంట్ వేడి ఎక్కువగా ఉంది.’ ఇది ఉన్న అర్థానికి సరిగ్గా తలకిందులు. పి0118 అనేది లోపం వచ్చినప్పుడు కారు కంప్యూటర్ నమోదు చేసే ఫాల్టు కోడ్. దాని ఇంగ్లీషు పేరులోని ‘హై’ వేడిని గురించి కాదు, సిగ్నల్ ఓల్టేజిని గురించి. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని కొలిచే సెన్సర్‌లో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. చాలా రకాల్లో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓములు ఉండేది, 80 డిగ్రీల దగ్గర 300 చిల్లరకు దిగుతుంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను అదుపు చేసే ఆ కంప్యూటర్, తన లోపల ఒక రెసిస్టర్ గుండా 5 ఓల్టులు ఇచ్చి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూస్తుంది. చల్లగా ఉంటే ఓల్టేజి ఎక్కువ, వేడెక్కితే తక్కువ. సర్క్యూట్ పూర్తిగా తెగితే దాదాపు 5 ఓల్టులూ అలాగే ఉండిపోతాయి. ఇంజిన్ మరుగుతున్నా చాలా కార్లలో, ఈసీయూ చెప్పేది చదివి చూపే స్కానర్ మీద మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. మీ వాక్యం నమ్మినవాడు రేడియేటర్ విప్పుతాడు. ‘కూలెంట్ వేడి సెన్సర్ సర్క్యూట్‌లో సిగ్నల్ ఓల్టేజి ఎక్కువ’ అని మార్చండి. పి0117 దీనికి జోడీ. అక్కడ ఓల్టేజి తక్కువ, సాధారణంగా సిగ్నల్ వైరు బాడీకి తగిలినప్పుడు వస్తుంది.

ఇదే కోడ్ కింద ‘అనగా సెన్సర్ పోయినది’ అని రాశారు. మీరడిగిన ప్రశ్న ‘పోయింది’ గ్రామ్యమా అని. ఎంతమాత్రం కాదు. ఫ్యూజు పోయింది, బల్బు పోయింది అని చదువుకున్నవాళ్లూ అంటారు, రాస్తారు. అభ్యంతరం వేరు. ‘పోయింది’ తీర్పు చెప్పేసిన మాట. కోడ్ తీర్పు చెప్పదు. సర్క్యూట్‌లో ఓల్టేజి హద్దు దాటిందని మాత్రమే చెబుతుంది. కారణం సెన్సర్ కావచ్చు, వైరు కావచ్చు, కనెక్టరు కావచ్చు, అరుదుగా ఈసీయూ కావచ్చు. పరీక్ష చేయకముందే ‘పోయింది’ అని రాస్తే, బాగున్న సెన్సర్ తీసేసి కొత్తది బిగించే అలవాటును మీ పుస్తకమే నేర్పినట్టవుతుంది. చూసినదానికి ‘కనిపిస్తోంది’ అనండి. పరీక్ష తర్వాత నిలిచినదానికి ‘తేలింది’ అనండి. లెక్క తేలింది, నిజం తేలింది అంటాం కదా, అదే తేలడం. ఈ రెండు క్రియలకూ మధ్య ఉన్న దూరమే రోగనిర్ణయం అంతా.

తర్వాత అసమాపక క్రియలు. మీ ముగ్గురిలో ఎవరూ అడగకపోయినా నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. ‘కనెక్టరును కదిలించి మీటరు చూడండి’ అని రాశారు. ‘కదిలించి’ క్త్వార్థకం. ముందు కదిలించడం పూర్తవుతుంది, తర్వాత చూడటం. లోపం ఆ కదిలే క్షణంలోనే బయటపడుతుంది. చెయ్యి తీసేసరికి పిన్ను మళ్లీ తన చోట కూర్చుంటుంది, మీటరులో అంకె మామూలుగానే ఉంటుంది. ‘వైరింగ్ బాగుంది’ అని రాసుకుని వాడు ముందుకు పోతాడు. ఇక్కడ కావలసింది శత్రర్థకం: ‘కనెక్టరును కదిలిస్తూ మీటరు చూడండి.’ రెండు పనులూ ఒకేసారి జరగాలి. ఒక్క ప్రత్యయం తేడాతో పరీక్ష పరీక్షే కాకుండా పోతోంది.

అలాగే ‘తీసి’, ‘తీయకుండా’. సెన్సర్‌కు 5 ఓల్టులు అందుతున్నాయా అని చూడాలంటే కనెక్టరు తీసి, వైరింగ్ వైపు పిన్నుల దగ్గర కొలవాలి. ఎర్త్ దారి బాగుందా అని చూడాలంటే కనెక్టరు తీయకుండా, కరెంటు నడుస్తుండగా కొలవాలి. కరెంటు లేనప్పుడు చెడ్డ ఎర్త్ కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా ఓముల మీటరు ‘బాగుంది’ అనే చెబుతుంది, దానికి ఆ ఒక్క పోగు చాలు. లోడ్ పడినప్పుడే బండారం బయటపడుతుంది. ఇంజిన్ లోహానికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య, లైట్లు, ఫ్యాను వేసి ఉండగా, 0.1 లేదా 0.2 ఓల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. అంతకు మించితే దారిలో ఎక్కడో ఇబ్బంది ఉంది. దీన్ని మీరు ‘ఓల్టేజి పతనం’ అన్నారు. చదివితే బ్యాటరీ దిగిపోయిందేమో అనిపిస్తోంది. ‘ఓల్టేజి డ్రాప్’ అనే ఉంచి, మొదటిసారి ‘దారిలోనే పోతున్న ఓల్టేజి’ అని విప్పి చెప్పండి. ‘ఇగ్నిషన్ ఆపి కనెక్టరు తీయండి’ అన్న మీ వాక్యం మాత్రం చక్కగా ఉంది. అక్కడ క్త్వార్థకం తన పని తాను చేసింది: ముందు ఆపు, తర్వాత తీయి.

‘అంతరాయిక దోషం’ అని మీరు కల్పించిన మాటకు అర్థం నాకే రెండోసారి చదివితే గానీ అందలేదు. ‘వచ్చిపోయే లోపం’ అనండి. ఈ లోపాన్ని చెప్పడానికి తెలుగుకు ఉన్నంత సౌకర్యం అరుదు. అంటీ అంటనట్టు, తగిలీ తగలకుండా, పట్టీ పట్టనట్టు. ఒకే ధాతువును ఔననీ కాదనీ పక్కపక్కన నిలబెట్టి, మధ్యనున్న స్థితిని పట్టుకునే పద్ధతి ఇది. ‘పిన్ను సాకెట్‌లో అంటీ అంటనట్టు ఉంది’ అంటే చూసిన వాడికి కళ్లకు కట్టినట్టుంటుంది. చల్లగా ఉన్నప్పుడు అంటుకుని ఉంటుంది, ఇంజిన్ వేడెక్కి లోహం సాగగానే విడిపోతుంది, ఆపి చల్లారిస్తే మళ్లీ అంటుకుంటుంది. ఇది గ్రాంథికానికి తక్కువదని మీరు వెనకాడనక్కరలేదు, ఇంతకంటే కచ్చితమైన మాట నాకు తెలియదు.

‘పిన్నులు తుప్పు పట్టాయి’ అన్నది కూడా మార్చాలి. తుప్పు ఇనుముది. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. ఎర్రటి తుప్పు కోసం వెతికేవాడు కనెక్టరు లోపల పచ్చగా పేరుకున్న పొరను చూసి కూడా దాటిపోగలడు. ‘పచ్చటి చిలుము పట్టింది’ అని రంగుతో సహా రాయండి.

మీ పేజీలోని పి0118 పేరాను ఈ మార్పులతో రాస్తే ఇలా ఉంటుంది:

‘స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తోంది. ఇంజిన్ వేడిగానే ఉంది. ఇగ్నిషన్ ఆపి సెన్సర్ కనెక్టరు తీయండి. వైరింగ్ వైపు ఉన్న రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలిపి, ఇగ్నిషన్ వేసి స్కానర్ చూడండి. అంకె ఒక్కసారిగా బాగా వేడి వైపు పోతే వైరింగ్, ఈసీయూ బాగున్నాయి. లోపం సెన్సర్‌లో గానీ, అది కనెక్టరుతో కలిసే చోట గానీ ఉన్నట్టు తేలింది. అంకె కదలకపోతే సిగ్నల్ వైరు పిన్నును బాడీకి కలిపి చూడండి. ఇప్పుడు కదిలితే తిరుగు వైరు తెగింది. అప్పటికీ కదలకపోతే సిగ్నల్ వైరు తెగి ఉండవచ్చు, లేదా లోపం ఈసీయూ దగ్గర ఉండవచ్చు. ఈ పరీక్ష రెండు వైర్ల వేడి సెన్సర్‌కే. బ్యాటరీ కరెంటు వచ్చే వైర్లను ఇలా కలపకూడదు.’

చివరి రెండు వాక్యాలు తీసేయవద్దు. మీ మూలంలో అవి లేవు, కానీ ‘కలపండి’ అని రాసినవాడు ఎక్కడ కలపకూడదో కూడా రాయాలి. ఎక్కడ ‘తేలింది’ అన్నానో, ఎక్కడ ‘ఉండవచ్చు’ దగ్గరే ఆగానో కూడా గమనించండి. వైరు మీద పరీక్ష పూర్తికాని చోట నిశ్చయార్థకం వాడలేదు.

మిగిలినవి చిన్నవి. ‘లోపం’, ‘దోషం’ రెండూ సరైనవే. శీర్షికల్లో ‘లోపం’ అనండి, స్కానర్ చూపించేదాన్ని ‘ఫాల్టు కోడ్’ అనే ఉంచండి. ‘తప్పు’ వద్దు, అది మనిషి చేసేది. ‘ఓల్టేజి’, ‘వోల్టేజి’ రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదో ఒకటి పుస్తకమంతా పాటించండి. మీ పేజీలో ‘సెన్సర్’, ‘సెన్సార్’ కలగలిసి ఉన్నాయి. ‘సెన్సార్’ అనగానే చాలామందికి సినిమాలకు సర్టిఫికెట్ ఇచ్చేవారు గుర్తొస్తారు కాబట్టి, పరికరానికి దీర్ఘం లేని ‘సెన్సర్’ ఉంచండి. అధ్యాయం పూర్తయ్యాక మిగతా పేజీలూ పంపండి, తప్పక చూస్తాను.