ఇండోనేషియా పల్లెలో విదేశీయులు ఇల్లు, స్థలం కొనుక్కోవచ్చా?

సొంతానికి కొనలేరు. 1960 నాటి భూచట్టం ప్రకారం ‘హక్ మిలిక్’, అంటే పూర్తి యాజమాన్యం, ఆ దేశ పౌరులకే. నివాస అనుమతి ఉన్న విదేశీయులకు ‘హక్ పకాయ్’ అనే వాడుక హక్కు దొరుకుతుంది. స్థానికుల పేరున కొని చాటుగా ఒప్పందం రాయించుకునేవారూ ఉన్నారు. అచ్చం మన బినామీ వ్యవహారమే! ఆ చట్టంలోని 26వ అధికరణం ప్రకారం అది చెల్లదు, కట్టిన సొమ్మూ తిరిగి రాదు.

పల్లెల్లో ఇంకో చిక్కుంది. చాలా చోట్ల పట్టా బదులు ‘గిరిక్’ అనే పాత కాగితం చూపిస్తారు. అది పన్ను కట్టినట్టు రుజువే తప్ప యాజమాన్య పత్రం కాదు. పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబౌ అనే జాతివారి పల్లెల్లోనైతే పూర్వీకుల పొలం తల్లి నుంచి కూతుళ్లకు వస్తుంది. వంశమంతా ఒప్పుకోనిదే అమ్మకం సాగదు. కొడుకు ఒక్కడే సంతకం పెడతానంటే నమ్మి డబ్బు ఇవ్వకండి.