సంఘంలో దేవుని వాక్యం చెప్పే అర్హత లేదనిపిస్తే ఆ పిలుపు నాకు కాదనుకోవాలా?

అలా అనుకోనక్కర్లేదు. అపొస్తలుడైన పౌలునే చూడండి. ఆయనకు సౌలు అని ఇంకో పేరు. యేసు శిష్యుడైన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపినప్పుడు సాక్షులు పైబట్టలు పెట్టింది ఆయన పాదాల దగ్గరే. తర్వాత ఇంటింటికీ వెళ్లి విశ్వాసులను ఈడ్చుకుపోయి చెరసాలలో వేయించాడు. దమస్కు దారిలో ప్రభువైన యేసు ఆయన్ను పట్టుకున్నాక 3 రోజులు చూపు లేదు, అన్నపానాలు ముట్టలేదు. అననీయ అనే శిష్యుడు భయపడుతూనే వచ్చి, ఆయనమీద చేతులుంచి, "సౌలా, సహోదరుడా" అన్నాడు. ధర్మశాస్త్ర బోధకుడైన గమలీయేలు దగ్గర చదువుకున్న అంతటి పండితుడు మొదట ఈ మామూలు శిష్యుడి ప్రార్థనకు తలవంచాల్సి వచ్చింది. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నా మనసు కరిగిపోతుంది.

ఎఫెసీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) 3వ అధ్యాయంలో పౌలు తాను పరిశుద్ధులందరిలో అత్యల్పుణ్ణనీ, సువార్త ప్రకటించే పని తనకు కృపగా దొరికిందనీ రాశాడు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అపొస్తలులందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానని కొరింథీయులకు చెప్పి, ఆ ప్రయాస తనది కాదు, తనకు తోడున్న దేవుని కృపదే అన్నాడు.

పులిపీఠం (ప్రసంగ వేదిక) ఎక్కే ముందు టెన్షన్ పడేవాళ్ల గురించి నాకు దిగులు లేదు. తనకు అర్హత ఉందని గట్టిగా నమ్మేవాళ్లను చూస్తేనే భయం. మీ పిలుపు సంగతి సంఘ పెద్దలతో మాట్లాడండి. ముందు సండే స్కూల్ పిల్లలకు ఒక పాఠం చెప్పి చూడండి.