ఫోన్‌లో గబ్బిలం అరుపు ఎందుకు పడదు?

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టు కోసం రాత్రిపూట గబ్బిలాల అరుపులు ఫోన్‌లో రికార్డు చేశాను. ఎన్నిసార్లు విన్నా కీచురాళ్ల మోత తప్ప ఏమీ లేదు. మైక్ పాడైందా? వేరే యాప్ ఏదైనా చెబుతారా?

జవాబు: మైక్ బాగానే ఉంది. యాప్ మార్చినా లాభం లేదు. మన చెవికి అందేది 20 కిలోహెర్ట్జ్ (సెకనుకు 20 వేల కంపనాలు) వరకే. పురుగుల్ని వేటాడే గబ్బిలాల అరుపులు చాలావరకు అంతకుపైనే, 120 దాకా ఉంటాయి. ఫోన్ రికార్డర్ సాధారణంగా సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, తీసుకుంటుంది. అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం ఫైల్‌లోకి ఎక్కదు. మామూలు మైక్‌తోనే అన్ని గబ్బిలాలనూ పట్టేస్తామనే యాప్‌లకు డబ్బు కట్టకండి.

మీకు కావాల్సింది మన చెవికి అందని పైస్థాయి శబ్దాల్ని (అల్ట్రాసౌండ్) పట్టే అల్ట్రాసోనిక్ మైక్. ఎకో మీటర్ టచ్ లాంటివి ఫోన్‌కే తగిలించుకోవచ్చు. రాత్రంతా చెట్టుకు కట్టి వదిలేయాలంటే ఆడియోమాత్ అనే చిన్న రికార్డర్ నయం. అరచేతిలో ఇమిడిపోతుంది, సెకనుకు 3,84,000 శాంపిళ్ల వరకు తీసుకుంటుంది. అయితే ఆ వేగంతో నిమిషానికి దాదాపు 46 ఎంబీ, పది గంటలకు 27 జీబీ పైనే! అందుకే అల్ట్రాసౌండ్ వినపడినప్పుడే రికార్డు చేసేలా ట్రిగ్గర్ పెట్టండి. ఫైల్‌ను వేవ్‌గానే (WAV, కుదించని ఫార్మాట్) ఉంచండి. జాగా కలిసొస్తుందని ఎంపీ3గా మార్చారో, గబ్బిలం మాయమైపోతుంది. ఎంపీ3 కూడా 48 వేల శాంపిళ్లు దాటదు మరి.

వినాలంటే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ రేటును 3,84,000 నుంచి 38,400కు తగ్గించి ప్లే చేయండి. 45 కిలోహెర్ట్జ్ అరుపు పదోవంతుకు దిగి, 4.5 దగ్గర పిట్ట కూతలా వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను అదే ముక్కను పదిసార్లు వేసుకున్నాను.

ప్రశ్న: అరుపును బట్టి గబ్బిలాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్ చెప్పిన జాతి పేరునే రిపోర్టులో రాసేయొచ్చా?

జవాబు: తొందరపడకండి. అరుపును బట్టి జాతి తెలిసే మాట నిజమే. ఐరోపాలో ఒకే జాతి అనుకున్న పిపిస్ట్రెల్ గబ్బిలాల్లో కొన్ని 45 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని 55 దగ్గర అరుస్తున్నాయని గమనించాకే అవి రెండు జాతులని 1990ల్లో తేలింది. కానీ ఒకే గబ్బిలం ఖాళీ ఆకాశంలో ఒకలా, కొమ్మల మధ్య ఇంకోలా అరుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇక్కడే బోల్తా పడుతుంది. స్పెక్ట్రోగ్రామ్ (అరుపు ఎత్తు సమయంతో ఎలా మారిందో చూపే బొమ్మ) మీరే చూడండి, అనుమానముంటే ‘గుర్తుపట్టలేదు’ అని రాయండి. అదేం తప్పు కాదు.

అన్నట్టు, అవి నిద్రపోయే గుహ ఫొటో ఎక్కడైనా పెట్టేముందు అందులోని లొకేషన్ తీసేయండి. టార్చిలు పట్టుకుని జనం ఎగబడితే అవి ఆ చోటే వదిలేసి పోవచ్చు.