ఆషాఢంలో కూడా ఆగని యాప్ కోతలు

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. విశాఖపట్నం గాజువాకలో ఉంటాను, పెళ్ళిళ్ళు, ప్రీవెడ్డింగ్ షూట్లు చేస్తాను. ఖర్చులన్నీ పోను ఏడాదికి నాలుగున్నర లక్షల దాకా మిగులుతుంది, కానీ ఏ నెల ఎంత వస్తుందో చెప్పలేను. ఫోన్‌లో యాప్‌లకే నెలకి 2,450 రూపాయలు పోతున్నాయి: ఫోటోలు సరిచేసే లైట్‌రూమ్ ప్రీమియం 480, రీల్స్ యాప్‌లు రెండు కలిపి 690, ప్రీసెట్ల (ఒక్క నొక్కుతో ఫోటోకి రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు) యాప్ 350, గూగుల్ స్టోరేజ్ 130, ఆల్బమ్ సెలెక్షన్ యాప్ 800. లాప్‌టాప్‌లో లైట్‌రూమ్ క్లాసిక్ కోసం అడోబీ ప్లాన్ వేరే కడుతున్నాను. అన్నిటికీ ఏడాది ప్లాన్ తీసుకుంటే చౌక అని, పైగా ట్యాక్స్ కూడా తగ్గుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. తీసుకోమంటారా? ఈఎంఐలో ఒక లెన్స్ కూడా కొందామని ఉంది.

జవాబు: అన్నిటికీ మాత్రం తీసుకోకండి. మీ సంపాదన ముహూర్తాలని బట్టి వస్తుంది, యాప్ కోత మాత్రం నెల నెలా పడుతుంది, మీ ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. మాఘంలో చేతి నిండా పని ఉన్నప్పుడు 2,450 కంటికి కూడా ఆనదు. ఆషాఢం వస్తుంది, మూఢం వస్తుంది, కొన్నేళ్ళు అధిక మాసం కూడా కలుస్తుంది, అప్పుడు అదే 2,450 అద్దె డబ్బుల్లోంచి పోతుంది. ఏడాదికి లెక్కేస్తే 29,400. మీ ఆదాయంలో ఇది ఆరు శాతం పైనే, అది కూడా ఫోన్‌లో యాప్‌లకే.

అందుకని ఒక్కో యాప్‌ని ఒకే ప్రశ్న అడగండి: ముహూర్తాలు లేని నెలలో కూడా నువ్వు నాకు పని చేస్తావా? చేస్తుందంటే ఏడాది ప్లాన్ తీసుకోండి, లాభమే. సీజన్‌లోనే పనికొచ్చేదైతే నెల ప్లాన్ చాలు, సీజన్ అయిపోగానే ఆపేయండి.

ముందు లైట్‌రూమ్ సంగతి. మీరు ఒకే వస్తువుకి రెండుసార్లు డబ్బు కడుతున్నారు! లైట్‌రూమ్ క్లాసిక్ వచ్చే అడోబీ ప్లాన్‌లో ఫోన్ లైట్‌రూమ్ ప్రీమియం కూడా కలిసే ఉంటుంది. లాప్‌టాప్‌లో వాడే అదే ఈమెయిల్‌తో ఫోన్‌లో లాగిన్ అయితే రా ఫైళ్ళు (కెమెరా తీసింది తీసినట్టు ఉంచే పెద్ద ఫైళ్ళు), మాస్కింగ్ (ఫోటోలో ఒక భాగాన్నే సరిచేయడం) అన్నీ తెరుచుకుంటాయి. ప్లే స్టోర్‌లో విడిగా కడుతున్న 480 ఈ రోజే ఆపేయండి. అడోబీ ప్లాన్ మాత్రం తొందరపడి రద్దు చేయకండి, అది 'ఏడాది ఒప్పందం, నెలవారీ చెల్లింపు' రకమైతే మధ్యలో మానేసినందుకు మిగిలిన నెలల డబ్బులో కొంత కట్టమంటారు, ఏడాది ఎప్పుడు పూర్తవుతుందో చూసుకుని అప్పుడు ఆలోచించండి. పెళ్ళి మండపంలో కూర్చుని అప్పటికప్పుడు రెండు ఫోటోలు సరిచేసి వాట్సాప్‌లో పంపాలంటే గూగుల్ వాళ్ళ స్నాప్‌సీడ్ చాలు, పైసా అడగదు. కెమెరా నుంచి ఫోన్‌కి ఫోటోలు దించుకునే కానన్ కెమెరా కనెక్ట్, నికాన్ స్నాప్‌బ్రిడ్జ్, సోనీ క్రియేటర్స్ యాప్ కూడా ఉచితమే.

రీల్స్ యాప్‌లు రెండూ చేసే పని ఒకటే కదా. ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళదే ఎడిట్స్ అనే యాప్ 2025లో వచ్చింది, డబ్బు కట్టక్కర్లేదు, వాటర్‌మార్క్ పడదు. ఒక్క సీజన్ దాంతో నడిపి చూడండి, నిజంగా ఏదైనా లోటు అనిపిస్తే రెండిట్లో ఒకటి మళ్ళీ తీసుకోవచ్చు. ప్రీసెట్లకి నెల నెలా కట్టడం నాకు అస్సలు నచ్చదు. మీ చేతి రంగు చూసే కదా జనం మిమ్మల్ని పిలుస్తారు, దాన్నే లైట్‌రూమ్‌లో ప్రీసెట్‌గా సేవ్ చేసుకోండి. ఆల్బమ్ సెలెక్షన్ యాప్ మంచిదే, పెళ్ళివాళ్ళు ఇంట్లో కూర్చుని ఫోటోలు ఎంచుకుంటారు, మీ తిరుగుడు తగ్గుతుంది, కానీ ఆరు నెలలు చాలు.

ఇక 130 రూపాయల స్టోరేజ్. దీన్ని మాత్రం ఆపకండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపే సర్దుకోవాలి, 2021 జూన్ నుంచి ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. అయితే పెళ్ళి మొత్తం ఆ 130కి వచ్చే 100 జీబీలో భద్రంగా ఉందనుకోకండి. మూడు వేల రా ఫోటోలు, ఒక్కోటి 28 ఎంబీ అనుకున్నా 84 జీబీ, ఒక్క పెళ్ళికే నిండిపోతుంది. క్లౌడ్‌లో ఎడిటింగ్ అయిపోయిన ఫైనల్ జేపెగ్‌లు మాత్రమే పెట్టండి. పెళ్ళికి నాలుగు వందలు, ఒక్కోటి 10 ఎంబీ చొప్పున, 4 జీబీ. అలా పాతిక పెళ్ళిళ్ళు పడతాయి. రా ఫైళ్ళకి రెండు హార్డ్ డిస్కులు కొనండి, రెండోది మీ ఇంట్లో ఉంచకండి, అత్తారింట్లోనో అన్నయ్య ఇంట్లోనో ఉంచండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం, బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉన్న మా పాత క్లయింట్ స్టూడియో అద్దాలు పగిలి వాన నీళ్ళు లోపలికి కొట్టాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. నేను వెళ్ళేసరికి ఆయన తడిసిన హార్డ్ డిస్కుని గుడ్డతో తుడిచి, బియ్యం డబ్బాలో కప్పెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. అది ఆరినా తెరుచుకోలేదు. అందులో రెండు పెళ్ళిళ్ళు ఉన్నాయి. అడ్వాన్సులు తిరిగి ఇచ్చేశారు, కానీ ఆ ఇళ్ళవాళ్ళకి ఏం చెప్పాలో ఆయనకి తెలియలేదు. రెండో కాపీ ఊళ్ళో ఇంకో ఇంట్లో ఉండి ఉంటే ఆ రెండు కుటుంబాలకీ పెళ్ళి ఫోటోలు మిగిలేవి.

సూర్యుడు ఏ రోజు ఎక్కడ, ఎప్పుడు వస్తాడో చూపే ఫోటోపిల్స్ లాంటి యాప్‌లు ఒకసారి కొనుక్కునేవి, నెల నెలా ఇబ్బంది పెట్టవు కాబట్టి మీరు ప్రీవెడ్డింగ్‌లు ఎక్కువ చేస్తే కొనొచ్చు. ఆర్కే బీచ్‌లో సూర్యుడు జూన్‌లో కైలాసగిరి వైపుకి జరిగి అయిదున్నరకి ముందే వస్తాడు, డిసెంబర్‌కి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపుకి జరుగుతాడు, ఏ రోజు ఎక్కడ నిలబెడితే జంట వెనక వెలుగు పడుతుందో ముందే తెలిస్తే ఒక పొద్దున్న వృథా కాదు. వాన కబురు కోసం వాతావరణ శాఖ వాళ్ళ మౌసమ్ యాప్ ఉచితం.

ట్యాక్స్ గురించి మీ ఫ్రెండ్ చెప్పింది మీకు వర్తించదు. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేట్ ఉంది, మీకు పడే ట్యాక్సే లేనప్పుడు తగ్గేది ఏముంటుంది? అంచనా లాభం పద్ధతిలో, అంటే రాబడిలో ఇంత శాతం లాభమని లెక్కగట్టి రిటర్న్ వేస్తే ఖర్చులు విడిగా చూపించడం కూడా ఉండదు. ట్యాక్స్ కోసమని ఏ యాప్‌కీ డబ్బు కట్టకండి.

ఆపేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే కోత ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ఫోటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి రద్దు చేయాలి, తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా చూడండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మీకు కబురు రావాలి, ఆ మెసేజ్‌ని చదవకుండా పక్కకి తోసేయకండి.

480, 690, 350 ఆగితే నెలకి 1,520, ఏడాదికి 18,240. ఆల్బమ్ యాప్ ఆరు నెలలు ఆపితే ఇంకో 4,800. మొత్తం 23,040. ముందు అందులోంచి రెండు హార్డ్ డిస్కులు. మిగిలింది వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి ఆషాఢం దాకా ముట్టుకోకండి. పెళ్ళివాళ్ళ అడ్వాన్సులు కూడా ఆ ఖాతాలోనే ఉంచండి, షూట్ అయ్యేదాకా అవి మీ డబ్బులు కావు.

లెన్స్ ఇప్పుడే వద్దు. ఈ సీజన్‌కి అద్దెకి తెచ్చుకుని, ఎన్ని షూట్లకి తెచ్చారో, ఎంత అద్దె కట్టారో డైరీలో రాసిపెట్టండి. ఆ అద్దె మొత్తం లెన్స్ ధరలో సగం దాటితే ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి, ఈఎంఐ ఎన్ని నెలలు పెట్టుకోవాలో అప్పుడు లెక్క వేసి చెబుతాను.