వడగళ్లకు దెబ్బతిన్న పైకప్పు: బీమా పరిహారం

ప్రశ్న: వడగళ్ల వానకు మా ఇంటి పెంకులు కొన్ని పగిలాయి, వసారా రేకులకు సొట్టలు పడ్డాయి. ఇంటికి బీమా ఉంది. ముందు మరమ్మతు చేయించి, తర్వాత క్లెయిమ్ చేయవచ్చునా?

జవాబు: పూర్తి మరమ్మతు ముందే చేయించకండి, సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేయడానికి బీమా సంస్థ పంపే వ్యక్తి) చూడవలసిన ఆనవాళ్లు చెరిగిపోతాయి. అలాగని ఇల్లు కారుతుంటే ఊరుకోవడమూ సరికాదు. నష్టం పెరగకుండా చూసుకోవడం సాధారణంగా పాలసీదారు బాధ్యతే కనుక, ముందు ఫొటోలు తీయించి, ఆపై టార్పాలిన్ కప్పించి, ఆ ఖర్చు రసీదులను భద్రపరచండి. (తడి కప్పు మీదికి మీరు ఎక్కకండి.) బీమా సంస్థకు వెంటనే తెలియజేయండి.

సొట్ట పక్కన నాణెం పెట్టి ఫొటో తీస్తే పరిమాణం స్పష్టమవుతుంది. పగిలిన పెంకులను పారవేయవద్దు: కొత్త పగులు అంచు శుభ్రంగా ఉంటుంది, పాతదానికి మట్టి, నాచు పట్టి ఉంటాయి, దెబ్బ పాతదేనన్న అభ్యంతరం వస్తే ఆ ముక్కే మీకు సాక్ష్యం. వాన పడిన తేదీకి వాతావరణ శాఖ సమాచారాన్ని జతచేయండి.

రేకుల విషయంలో మాత్రం కొంత సందేహించాలి. నీరు కారనంతవరకు, కేవలం రూపం చెడగొట్టే సొట్టలకు కొన్ని పాలసీలు పరిహారం ఇవ్వవు. తరుగుదలను (పాతబడినందువల్ల తగ్గిన విలువను) పరిహారంలోంచి మినహాయిస్తారా, మీ వాటాగా ఎంత భరించాలి అన్నవి కూడా పాలసీ పత్రంలోనే చూసుకోండి.