ఓడ చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా నౌకాదళం మైన్‌స్వీపర్ (సముద్రంలో పరిచిన మైన్లని, అంటే నీళ్లలో పేలే బాంబుల్ని ఏరే ఓడ) 'ఫాల్కన్' మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. తేదీల కోసం బాగా కష్టపడ్డావు, అది కనిపిస్తోంది. కానీ చదువుతుంటే సర్వీస్ రిజిస్టర్ తిరగేస్తున్నట్టుంది: ఫలానా నెలలో ఫలానా రేవు, ఫలానా నెలలో ఇంకో ఓడని లాక్కెళ్లింది అని ఏకరువు పెట్టుకుంటూ పోయావు. 1921కీ ఒక పేరా, 1927కీ ఒక పేరా! ఏ ఓడకైనా అన్ని ఏళ్లూ ఒకే బరువు ఉండవు.

నన్నడిగితే నీ అసలు మొదటి వాక్యం మూడో పేజీలో ఇరుక్కుపోయింది. ఫాల్కన్ నౌకాదళంలో చేరింది 1918 నవంబర్ 12న, మొదటి ప్రపంచ యుద్ధంలో కాల్పులు ఆగిన మర్నాడు. అక్కడ మొదలుపెట్టు. తర్వాత ఉత్తర సముద్రం. ఓర్క్నీ దీవుల నుంచి నార్వే వైపుగా అమెరికా, బ్రిటన్ కలిసి పరిచిన సుమారు 70 వేల మైన్లని 1919లో ఏరాల్సి వచ్చింది. అమెరికన్ మైన్లకి పొడుగాటి రాగి తీగ ఉండేది. దానికి ఉక్కు తగిలితే చాలు, ఉప్పునీళ్లలోనే కరెంటు పుట్టి పేలేది. ఏరడానికి వచ్చిన ఓడని కూడా అది వదలదు. ఈ ఒక్క సంగతి రాస్తే ప్రమాదం ఎంతటిదో పాఠకుడికి అర్థమైపోతుంది, విశేషణాలు అక్కర్లేదు. అయితే ఫాల్కన్ అక్కడ ఉన్నది కొద్ది వారాలే కాబట్టి నువ్వూ ఎక్కువసేపు ఆగకు. ఆ తర్వాతి లాగుడు పనులన్నీ ఒకే వాక్యంలో దాటెయ్.

ఇక ఆగాల్సిన చోటు 1925. ఆ సెప్టెంబర్‌లో అమెరికా తూర్పు తీరంలోని బ్లాక్ ఐలండ్ దగ్గర 'ఎస్-51' సబ్‌మెరైన్‌ని ఒక ప్రయాణికుల ఓడ గుద్దేసింది, 33 మంది పోయారు. 40 మీటర్ల లోతు నుంచి దాన్ని పైకి తేవడానికి మరుసటి ఏడాది జులై దాకా పట్టింది. డైవర్లు దిగింది ఫాల్కన్ మీద నుంచే. ఇక్కడ నువ్వు 'సహాయక చర్యల్లో పాల్గొంది' అని రాసి ఊరుకున్నావు. పాల్గొనడమంటే ఏం చేయడం? నాలుగు వైపులా లంగర్లు వేసి, మునిగిన సబ్‌మెరైన్‌కి సరిగ్గా పైన, గాలి ఎటు తోసినా కదలకుండా నిలబడటం. కింద డైవర్ పీల్చే గాలి ఈ ఓడ మీద నుంచి గొట్టంలో దిగుతోంది. ఓడ పక్కకి జరిగితే ఆ గొట్టం కూడా జరుగుతుంది, అక్కడ శిథిలాల్లో ఎక్కడ చిక్కుకుంటుందో తెలియదు. ఈ నిలబడటమే ఫాల్కన్ అసలు ఉద్యోగం. నీ వ్యాసంలో లంగరు అన్న మాటే లేదు.

1927 డిసెంబర్‌లో అదే తీరంలోని ప్రొవిన్స్‌టౌన్ దగ్గర 'ఎస్-4' అనే ఇంకో సబ్‌మెరైన్ మునిగినప్పుడు ముందు గదిలో ఆరుగురు బతికే ఉన్నారు. లోపలి నుంచి ఇనుము మీద కొడుతూ మోర్స్ సంకేతాల్లో మాట్లాడారు. గాలి గొట్టం తగిలించడానికి ఫాల్కన్ నుంచి దిగిన మిషెల్స్ అనే డైవర్ 31 మీటర్ల లోతున చిక్కుకుపోతే, టామ్ ఈడీ అనే ఇంకో డైవర్ మళ్లీ దిగి రెండు గంటలు పెనుగులాడి అతన్ని విడిపించాడు. ఈలోగా తుఫాను ముదిరింది, ఆ ఆరుగురినీ కాపాడలేకపోయారు. మొత్తం 40 మందీ పోయారు. తమ్ముడూ, ఈ భాగం రాసేటప్పుడు తొందరపడకు. లోపల మనుషులున్నారని తెలుసు, మాటలు కూడా వినిపిస్తున్నాయి, బయటికి తెచ్చే సాధనం మాత్రం లేదు. ఆ తర్వాత, మునిగిన సబ్‌మెరైన్ లోంచి మనుషుల్ని పైకి తెచ్చే రెస్క్యూ చాంబర్ తయారవడానికి కారణం ఇదే. నువ్వు ఆ చాంబర్‌ని ఉన్నట్టుండి 1939లో ప్రవేశపెట్టేశావు, దాంతో తీగ తెగిపోయింది.

1939 మే 23న అమెరికాలోని పోర్ట్స్‌మత్ దగ్గర 'స్క్వాలస్' సబ్‌మెరైన్ 73 మీటర్ల లోతుకి పోయింది. ఇంజిన్లకి గాలి అందించే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయి వెనక గదులు నిండిపోయాయి. మర్నాడు తెల్లవారుజామున ఫాల్కన్ చేరింది. చాంబర్ అంటే బోర్లించిన గంగాళం లాంటిది: తీగ పట్టుకుని దిగి, సబ్‌మెరైన్ పైనున్న హాచ్ (మూత తలుపు) మీద కూర్చుని, కింది అరలో నీళ్లు తోడేస్తే సముద్రం బరువే దాన్ని అక్కడ అదిమిపెడుతుంది. నాలుగు విడతల్లో 33 మంది బయటపడ్డారు. చివరి విడతలో పైకి లాగే తీగ పోగులు తెగడం మొదలైంది. దాంతో చాంబర్‌ని తిరిగి అడుక్కి దించి, ఎన్నో తంటాలు పడి, అర్ధరాత్రి దాటాక ఫాల్కన్ డెక్ మీద మనుషులే చేతులతో లాగారు. నువ్వు ఆ రాత్రిని 'విజయవంతంగా రక్షించారు' అన్న రెండు మాటల్లో ముగించావు! కనీసం ఒక పేజీ ఇవ్వు దానికి. అలాగే వెనక గదుల్లో పోయిన 26 మందిని ఒక పక్కన పడేయకు, వాళ్ల లెక్క కూడా అదే పేజీలో రావాలి.

వీలైతే విశాఖ వెళ్లి ఆర్కే బీచ్‌లో కుర్సురా ఎక్కు. అది తర్వాతి కాలంలో సోవియట్ యూనియన్‌లో తయారైన మన నౌకాదళం సబ్‌మెరైన్, ఇప్పుడు మ్యూజియం, నిజమే, కానీ పొడవు 91 మీటర్లు, స్క్వాలస్ 94. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎలా దూరాలో నీ ఒళ్లే చెబుతుంది. టేపు పట్టుకెళ్లి ఆ గుండ్రటి గుమ్మం కొలువు. ఒక గది గుమ్మం మూసేశాక అవతల ఏమవుతుందో తెలియని మనిషి గురించి రాయబోతున్నావు మరి.

చివర్లో 1946లో ఓడని సర్వీసు నుంచి తప్పించిన సంగతి ఒక్క వాక్యం చాలు. కొత్త డ్రాఫ్ట్‌లో ఎస్-4 భాగం ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.